పాత స్పోర్ట్స్ కారును సరిదిద్దుకోవడమా, కొత్త మోడల్ కొనడమా?

ఇరవై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు యజమాని, అదే వంశానికి చెందిన తాజా మోడల్‌ను ఒక అరగంట నడిపి వచ్చాక, తన కారు మీద మనసు విరగడం తరచుగా జరిగేదే. కొత్త కారు మలుపులో పెద్దగా ఒరగకుండా నిలబడింది. గతుకు దాటగానే ఒక్క కదలికతో కుదుటపడింది. స్టీరింగ్ తిప్పిన మరుక్షణమే ముందు భాగం అటు తిరిగింది. తన కారేమో గతుకు దాటాక రెండు మూడు సార్లు ఊగుతోంది, స్టీరింగ్ మధ్యలో కొంత మేర స్పందనే లేదు, మలుపులో బ్రేకు తాకితే వెనక భాగం పక్కకు లాగుతోంది. దీన్నిబట్టి పాత డిజైన్‌కు కాలం చెల్లిందని ఆయన తేల్చుకుంటారు. ఆ పోలికలోనే పొరపాటు ఉంది. ఆయన పోల్చింది రెండు డిజైన్లను కాదు, అరిగిన భాగాలను అరగని భాగాలతో. తన కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా నడిచేదో ఆయన బహుశా ఎన్నడూ చూసి ఉండరు. ఇలాంటి కార్లలో చాలావరకు చేతులు మారి వచ్చినవే.

కాబట్టి జవాబు వెతికే ముందు మూడు విషయాలను విడదీయాలి. కారు పనితనంలో అరుగుదల వల్ల పోయింది ఎంత, అసలు డిజైన్‌లోనే ఉన్నా సర్దుబాట్లతో మార్చగలిగింది ఎంత, ఏం చేసినా మారనిది ఎంత. మొదటిది మరమ్మతు, రెండోది అప్‌గ్రేడ్, మూడోది మాత్రమే కొత్త కారు కొనడానికి నిజమైన కారణం. ఈ మూడూ కలగలిసిపోయినప్పుడు, రెండో దానికి పెట్టవలసిన డబ్బు మొదటి దాన్ని కప్పిపుచ్చడానికి, మూడో దానితో పోరాడటానికి ఖర్చైపోతుంది.

మాటల విషయంలో కూడా ఒక స్పష్టత అవసరం. టైర్లు రోడ్డును ఎంత బలంగా పట్టుకుంటాయన్నది పట్టు. ఆ పట్టు ఎంత ఉన్నా సరే, దాని అంచు దగ్గరికి వెళ్తున్నప్పుడు కారు ఎలా ప్రవర్తిస్తుంది, డ్రైవరుకు ముందుగా ఏమని తెలియజేస్తుంది, దిద్దుకోవడానికి ఎంత సమయం ఇస్తుంది అన్నది హ్యాండ్లింగ్. ఈ రెండూ వేర్వేరు అనడానికి 2012లో వచ్చిన టొయోటా జీటీ86 మంచి ఉదాహరణ. దానికి ప్రియస్ హైబ్రిడ్ కారుకు కూడా వాడిన మిషెలిన్ ప్రైమసీ రకం టైర్లను అమర్చారు. పట్టు పరిమితంగా ఉన్నా, తక్కువ వేగంలోనే కారు సమతూకం డ్రైవరుకు అనుభవంలోకి రావాలన్నది అందులోని ఆలోచన. కొత్త కార్లలో అధికభాగం మొదటిదాన్ని, అంటే పట్టును, విపరీతంగా పెంచాయి. రెండోది అన్ని కార్లలోనూ అదే నిష్పత్తిలో పెరగలేదని నా అభిప్రాయం.

అరుగుదల ఎక్కడ దాగి ఉంటుంది

మొదట చూడవలసింది టైర్లనే. స్పోర్ట్స్ కార్లు ఏడాదికి తిరిగే దూరం తక్కువ కాబట్టి, వాటి టైర్లు అరిగిపోకముందే ముసలివైపోతాయి. గాడుల లోతు చూసి టైరు బాగానే ఉందనుకుంటాం, కానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. ముఖ్యంగా చల్లని రోడ్డు మీద, తడి రోడ్డు మీద దాని పట్టు సగం నమ్మకంతో కూడా వాడుకోలేని స్థితికి వస్తుంది. టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు వాడిన తరువాత ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే గాడులు మిగిలి ఉన్నా మార్చివేయాలని మిషెలిన్ సూచిస్తుంది. నాలుగు మంచి టైర్లు వేయించకుండా హ్యాండ్లింగ్ గురించి ఇంకే నిర్ణయం తీసుకున్నా అది తొందరపాటే, ఎందుకంటే మిగతా భాగాలన్నీ చేసే పని అంతిమంగా ఆ నాలుగు రబ్బరు ముక్కల ద్వారానే రోడ్డుకు చేరుతుంది.

తరువాత షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగ్ బరువును మోస్తుంది, గతుకు మీద అణగి మళ్లీ లేస్తుంది; ఆ లేవడాన్ని అదుపులో పెట్టి, ఊగుడును ఆపేది షాక్ అబ్జార్బర్. ఇది ఒక్కరోజులో పాడవదు. లోపలి నూనె, వాల్వులు, సీళ్లు వేల కిలోమీటర్ల పొడవునా కొద్దికొద్దిగా బలహీనపడతాయి, ఆ మార్పుకు డ్రైవరు తెలియకుండానే అలవాటుపడతారు. కారు మూలను చేత్తో నొక్కి వదిలి చూసే పాత పద్ధతి పూర్తిగా చచ్చిపోయిన షాక్‌ను పట్టిస్తుందేమో గానీ, సగం బలం కోల్పోయినదాన్ని పట్టించలేదు. నూనె కారిన మరక కనిపిస్తే సందేహమే లేదు. కనిపించకపోయినా, లక్ష కిలోమీటర్లు దాటిన అసలు షాక్‌లు ఉన్న కారును దాని డిజైన్‌కు ప్రతినిధిగా తీసుకోవడం న్యాయం కాదు.

అందరూ మరిచిపోయేవి బుష్‌లు. చక్రాలను బాడీకి కలిపి, వాటిని పైకీ కిందికీ కదలనిచ్చే ఏర్పాటు సస్పెన్షన్. దాని చేతులు, అంటే చక్రాన్ని పట్టి ఉంచే లోహపు భాగాలు, బాడీకి కలిసే ప్రతి చోటా ఒక రబ్బరు బుష్ ఉంటుంది. దాని నిర్మాణం అర్థమైతే సగం సమస్యలు అర్థమవుతాయి. బయట ఒక లోహపు గొట్టం, లోపల బోల్టు పట్టే మరో గొట్టం, రెండింటి నడుమ అతికించిన రబ్బరు. చెయ్యి పైకీ కిందికీ కదిలినప్పుడు ఆ రబ్బరు జారదు, మెలితిరుగుతుంది. ఇరవై ఏళ్ల తరువాత ఆ రబ్బరు ఎండి, పగిలి, ఒక పక్క వదులై ఉంటుంది. అప్పుడు బ్రేకు వేసినా, మలుపులోకి దిగినా చక్రం తన కోణాన్ని తానే మార్చుకుంటుంది. చక్రాల కోణాలను కొలిచే అలైన్‌మెంట్ యంత్రం మీద నిలబెట్టినప్పుడు అంకెలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. రోడ్డు మీద బలం పడినప్పుడు ఆ అంకెలు ఉండవు. వెనక భాగం తనంతట తాను దారి తప్పుతున్నట్టు అనిపించే అనేక పాత కార్లలో అసలు దోషం ఇదే.

బుష్‌లు మార్పించేవారు తప్పక అడిగి తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. కారును లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతున్న స్థితిలో బోల్టులు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు నేల మీదికి దిగిన క్షణం నుంచి ప్రతి రబ్బరూ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది, అదొక అదనపు స్ప్రింగ్‌లా పనిచేస్తుంది, కారు ఎత్తు మారుతుంది, కొత్త రబ్బరు నెలల్లోనే చిరుగుతుంది. కారు తన బరువు మీద తాను నిలబడిన ఎత్తులోనే చివరి బిగింపు జరగాలి. వేసిన భాగాలు మంచివే అయినా ఈ ఒక్క పని తప్పుగా జరగడం వల్ల, ఖర్చుపెట్టినా లాభం లేదని నిరాశపడినవారు ఉన్నారు.

చేతులను చక్రానికి కలిపే బాల్ జాయింట్లు, స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్ల చివరలు, స్టీరింగ్ ర్యాక్‌ను పట్టి ఉంచే రబ్బర్లు, చక్రాల బేరింగులు కూడా ఈ జాబితాలోనివే. బ్రేకుల్లో నూనె సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం తాజా నూనె కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ పట్టినదానికి ఆ కనీసం 155 డిగ్రీలకు పడిపోతుంది. వరుస మలుపుల్లో పెడల్ మెత్తబడితే, పెద్ద డిస్కులు కొనే ముందు ఆ నూనె మార్చి చూడాలి.

అప్‌గ్రేడ్ నిజంగా మార్చేది ఏమిటి

కారును ఇలా తన అసలు స్థితికి తెచ్చిన తరువాతే అప్‌గ్రేడ్ అన్న మాటకు అర్థం ఉంటుంది. ఇక్కడ చాలా అపోహలు ఉన్నాయి, వాటిలో పెద్దది ఒరగడానికి సంబంధించినది. మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. ఆ బరువు ఎంత అన్నది కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మలుపులోని పక్క బలం అనే నాలుగింటి మీద ఆధారపడుతుంది. వెయ్యి కిలోల కారు, నేల నుంచి అర మీటరు ఎత్తులో గురుత్వ కేంద్రం, చక్రాల మధ్య 1.4 మీటర్ల దూరం, భూమ్యాకర్షణలో 0.8 వంతు పక్క బలం అనుకుంటే, సుమారు 286 కిలోల బరువు బయటి వైపుకు మారుతుంది. ఎంత గట్టి స్ప్రింగులు వేసినా ఈ అంకె దాదాపుగా మారదు. బాడీ ఒరగడం తగ్గుతుంది, మారే బరువు మాత్రం తగ్గదు. కారును 30 మిల్లీమీటర్లు కిందికి దించితే అది 269 కిలోలు అవుతుంది. తేడా 17 కిలోలు.

అలాగైతే గట్టి స్ప్రింగులకు ప్రయోజనమే లేదా అంటే, ఉంది. బాడీ ఎక్కువగా ఒరిగితే చక్రాలు నేలతో చేసే కోణం చెడి, టైరు తన వెడల్పంతా వాడుకోలేక ఒక అంచు మీద నడుస్తుంది. ఒరగడం తగ్గితే ఆ కోణం నిలుస్తుంది. స్టీరింగ్‌కు స్పందన కూడా త్వరగా వస్తుంది, ఎందుకంటే బాడీ ఒరిగి కుదురుకునేదాకా ఆగవలసిన పని ఉండదు. కానీ ఈ ప్రయోజనం నున్నని రోడ్డు మీద దక్కినంతగా గతుకుల రోడ్డు మీద దక్కదు. మామూలు కార్ల బాడీ స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా ఉంటుంది, స్పోర్ట్స్ కార్లలో ఆ సంఖ్య రెండు దాకా వెళ్తుంది. స్ప్రింగ్ గట్టిదనం రెట్టింపు చేస్తే ఈ సంఖ్య 41 శాతం పెరుగుతుంది, దానితోపాటు షాక్ అబ్జార్బర్ బలం కూడా అంతే నిష్పత్తిలో పెరగాలి. పాత షాక్‌లను అలాగే ఉంచి కేవలం గట్టి స్ప్రింగులు వేసిన కారు గతుకుల మీద ఎగురుతుంది, టైరు నేలను వదిలిన క్షణంలో పట్టు శూన్యం. డబ్బు పరిమితంగా ఉన్నవారికి నేను చెప్పేది, మంచి షాక్‌లు కొని అసలు స్ప్రింగులు ఉంచుకోమనే. దీనికి విలోమంగా చేయడమే లోకంలో ఎక్కువ.

కారును దించడంలో ఉన్న చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ (పై చెయ్యి లేకుండా షాక్ అబ్జార్బరే చక్రాన్ని నిలబెట్టే రకం) ఉన్న కార్లలో కింది చెయ్యి సాధారణంగా బాడీ నుంచి చక్రం వైపుకు కొద్దిగా వాలి ఉంటుంది. కారును బాగా దించినప్పుడు ఆ చెయ్యి వాలు తిరగబడి, చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు బాడీ ఏ ఊహాబిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, అంటే రోల్ సెంటర్, గురుత్వ కేంద్రం దిగినదానికంటే ఎక్కువగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరగడం వల్ల, అందుకు తగినంత గట్టి స్ప్రింగులు లేకపోతే దించిన కారు అంతకుముందుకంటే ఎక్కువగా ఒరుగుతుంది. దీనికి తోడు టై రాడ్ల కోణం మారి, గతుకు తగిలిన ప్రతిసారీ చక్రం తనంతట తాను కొద్దిగా తిరగడం మొదలవుతుంది. బాల్ జాయింట్‌ను కిందికి జరిపే ప్రత్యేక భాగాలతో దీన్ని సరిచేయవచ్చు, కానీ అవి లేకుండా చూడటానికి బాగుంటుందని కారును నేలకు అంటించడం హ్యాండ్లింగ్‌ను పాడుచేసే అత్యంత సులభమైన దారి. పైనా కిందా రెండు చేతులుండే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్‌లో ఈ నష్టం తక్కువ, అయితే పూర్తిగా లేకపోలేదు.

యాంటీ రోల్ బార్‌ను, అంటే ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీని, మార్చడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని, అందుకే జాగ్రత్తగా చేయాలి. లోపల బోలుగా లేని కడ్డీ మెలితిరగడానికి ఇచ్చే ప్రతిఘటన దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. 22 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో 25 మిల్లీమీటర్లది వేస్తే అది మూడు మిల్లీమీటర్ల మార్పులా కనిపించినా గట్టిదనం సుమారు 1.67 రెట్లు అవుతుంది. ముందు బార్‌ను గట్టి చేస్తే మారే బరువులో ఎక్కువ వాటా ముందు టైర్లు మోయాలి, అవి ముందుగా జారి కారు మలుపు బయటికి పోతుంది. వెనక బార్‌ను గట్టి చేస్తే వెనక భాగం ముందుగా జారుతుంది. టైరు మీద బరువు పెరిగినంతగా దాని పట్టు పెరగదన్న సూత్రమే ఇందుకు మూలం. ఒక చివర మాత్రమే మార్చి కారు సమతూకాన్ని చక్కగా దిద్దుకోవచ్చు, తెలియకపోతే వాన రోజున తిప్పలు కొనితెచ్చుకోవచ్చు.

రబ్బరు బుష్‌ల బదులు, రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ అయిన పాలీయురెథేన్ బుష్‌లు వేయడం మరో ప్రసిద్ధ మార్పు. వాటితో స్టీరింగ్ స్పష్టత పెరగడం నిజమే. అయితే అవి మెలితిరగవు, లోపలి గొట్టం మీద తిరుగుతాయి, కనుక గ్రీజు అవసరం; ఒక అక్షం మీద మాత్రమే కదిలే చోట అవి బాగుంటాయి గానీ, రెండు మూడు దిశల్లో వంగవలసిన వెనక చేతుల్లో పట్టేసి సస్పెన్షన్‌ను స్వేచ్ఛగా కదలనీయవు. పైగా కొన్ని కార్లలో బుష్ మెత్తదనం లోపం కాదు, డిజైన్‌లో భాగం. 1977లో పోర్షా 928తో వచ్చిన వైసాఖ్ వెనక యాక్సిల్‌లో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక చక్రం బయటికి కాక కొద్దిగా లోపలికి తిరిగేలా, ఆ కదలికకు చోటిచ్చే ఏర్పాటు కావాలనే చేశారు. అలాంటి చోట గట్టి బుష్ వేయడం ఇంజనీర్లు సాధించినదాన్ని రద్దు చేయడమే. రెండో తరం మాజ్డా ఆర్‌ఎక్స్-7లో ఇటువంటి ఉద్దేశంతోనే పెట్టిన వెనక హబ్ (చక్రం బిగించే భాగం) ఏర్పాటును మాత్రం, రేస్ ట్రాక్ మీద దాని ప్రవర్తన ఊహించడం కష్టమై, చాలామంది యజమానులు గట్టి బుష్‌లతో తొలగించుకున్నారు. ఏ కారుకు ఏది తగునో ఆ కారు సస్పెన్షన్ పటం చూసి తేల్చుకోవలసిందే.

ఏం చేసినా మారనిది

కొన్ని విషయాలు బోల్టు విప్పి మార్చగలిగినవి కావు. సస్పెన్షన్ చేతులు ఎక్కడ పుట్టి ఎటు కదులుతాయన్న జ్యామితి వాటిలో మొదటిది. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఈ30 తరం వెనక సెమీ ట్రెయిలింగ్ చేతులు, అంటే బాడీ నుంచి వెనక్కి ఏటవాలుగా సాగే చేతులు, చక్రం పైకీ కిందికీ కదిలే కొద్దీ దాని కోణాలను ఎక్కువగానే మారుస్తాయి. 1990లో వచ్చిన ఈ36 తరం నుంచి 3 సిరీస్ కార్లకు అనేక లింకులున్న వెనక సస్పెన్షన్ వచ్చింది. పోర్షా 911 ఇదే మార్పును 993 తరంతో, 1990ల నడుమ చేసింది; వెనక ఇంజను బరువుతో, మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం తిరిగిపోయే పాత అలవాటు ఆ మార్పుతో బాగా అణిగింది. ఫోర్డ్ ముస్టాంగ్ 2015 మోడల్‌లో గానీ మొత్తం శ్రేణికి స్వతంత్ర వెనక సస్పెన్షన్ ఇవ్వలేదు. పాత తరం కారులో మంచి షాక్‌లు వేసి ఈ లక్షణాలను మచ్చిక చేసుకోవచ్చు, మూలం మాత్రం అక్కడే ఉంటుంది.

కొన్నిసార్లు ఒకే మోడల్‌లో కూడా ఈ సరిహద్దు ఉంటుంది. 1999లో వచ్చిన హోండా ఎస్2000కు మలుపు చివర వెనక భాగం హఠాత్తుగా జారుతుందన్న పేరు ఉండేది. 2004 మోడల్‌కు హోండా వెనక సస్పెన్షన్ జ్యామితిని సవరించి, చక్రం పైకి కదిలినప్పుడు దాని దిశలో వచ్చే మార్పును తగ్గించింది. తొలి మోడల్ యజమాని అడగవలసిన ప్రశ్న ఇక్కడ మారుతుంది: ఖరీదైన షాక్‌లు వేయడం మేలా, లేక అదే కారులో తరువాతి ఏళ్ల మోడల్ వెతకడం మేలా? తాజా మోడల్ ఒక్కటే ప్రత్యామ్నాయం అనుకోవడం వల్ల ఈ నడిమి దారి చాలామంది దృష్టికి రాదు. ఒకటి రెండు తరాలు ముందుకు జరిగితే చాలు, అత్యాధునికమే కానవసరం లేదు.

బాడీ బిగువు రెండోది. స్ప్రింగులు, షాక్‌లు తమ పని తాము చేయాలంటే అవి తగులుకున్న బాడీ కదలకూడదు. బాడీయే మెలితిరిగితే అది అదుపులేని అదనపు స్ప్రింగ్ అవుతుంది. పైకప్పు లేని పాత కార్లలో, మలుపు మధ్య గతుకు తగిలినప్పుడు అద్దం, డాష్‌బోర్డు, స్టీరింగ్ వేర్వేరుగా వణకడం దీని గుర్తు. అడ్డంగా కడ్డీలు బిగించి కొంత మేర తగ్గించవచ్చు, కానీ అలాంటి బాడీకి అతి గట్టి స్ప్రింగులు వేస్తే చక్రం కదలవలసింది పోయి బాడీ కదులుతుంది. తుప్పు, పగుళ్లు ఉంటే సమస్య ఇంకా ముదురుతుంది. బీఎండబ్ల్యూ ఈ46 తరంలో వెనక సబ్‌ఫ్రేమ్, అంటే వెనక సస్పెన్షన్‌ను మోసే చట్రం, తగులుకునే చోట నేల రేకు పగలడం అందరికీ తెలిసిన బలహీనత. ఆ పరీక్ష చేయించకుండా ఆ కారుకు గట్టి బుష్‌లు, గట్టి స్ప్రింగులు వేయడం పగులును పిలవడమే.

మూడోది భద్రత. దీన్ని హ్యాండ్లింగ్ చర్చలో పక్కన పెట్టేయడం నాకు సరి అనిపించదు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 1995లో మెర్సిడెస్ కార్లతో రోడ్డు మీదికి వచ్చింది. అమెరికాలో 2012 మోడల్ సంవత్సరం నుంచి, ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి అయింది. కారు దారి తప్పుతున్నప్పుడు ఒక్క చక్రానికి మాత్రమే బ్రేకు వేసి దాన్ని దారికి తెచ్చే ఈ పని మనిషి కాలితో సాధ్యం కాదు, పాత కారుకు తరువాత అమర్చడం ఆచరణలో జరిగే పని కాదు. కార్లను గుద్దించి భద్రతను అంచనా వేసే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలు 1997లో మొదలయ్యాక కార్ల బాడీలు గుద్దుకోవడాన్ని తట్టుకునే తీరు పూర్తిగా మారింది. హ్యాండ్లింగ్ మెరుగైన పాత కారు ప్రమాదాన్ని తప్పించుకోవడంలో ముందుకంటే మేలు కావచ్చు. ప్రమాదం జరిగితే మాత్రం అది తన కాలం నాటి కారే. వానలో, రాత్రి వేళ, కుటుంబంతో రోజూ నడపవలసిన కారు ఇదొక్కటే అయితే, నా దృష్టిలో ఈ ఒక్క విషయమే కొత్త కారు వైపు మొగ్గడానికి చాలు.

కొత్త కారు ఇచ్చేది, తీసుకునేది

కొత్త స్పోర్ట్స్ కార్ల బాడీ బిగువు, సస్పెన్షన్ జ్యామితి, టైర్లు ముందుతరం కార్లకు అందనంత పైన ఉన్నాయి. రోడ్డును చదివి క్షణాల్లో గట్టిదనం మార్చుకునే షాక్‌లు, మలుపులో చక్రాల మధ్య శక్తిని పంచే డిఫరెన్షియల్, కొన్నింటిలో వెనక చక్రాలు కూడా తిరిగే ఏర్పాటు, ఇవన్నీ కలిసి మెత్తదనాన్ని, అదుపును ఒకేసారి అందిస్తాయి. పాత కారులో ఈ రెండింటిలో ఒకటి పెరిగితే రెండోది తరుగుతుంది. ఎంత డబ్బు పోసినా పాత కారు కొత్తదాని వేగాన్ని అందుకోలేదు, అందుకోవాలని ప్రయత్నించడం వ్యర్థం కూడా.

అయితే బరువు పెరిగింది. మొదటి బీఎండబ్ల్యూ ఎం3 సుమారు 1,200 కిలోలు. 2020లో పరిచయమైన తరం 1,700 కిలోలు దాటింది. 1960ల నాటి 911 దాదాపు 1,080 కిలోలుంటే, ఇప్పటి మౌలిక మోడల్ 1,500 కిలోలకు చేరింది. భద్రత కోసం, సౌకర్యం కోసం చేరిన ఈ బరువును వెడల్పాటి టైర్లు, తెలివైన ఎలక్ట్రానిక్స్ మోస్తున్నాయి. దీని పర్యవసానం డ్రైవరుకు ఇలా అనుభవమవుతుంది: కారు తన హద్దుల దగ్గరికి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టే వేగం, మామూలు రోడ్డు మీద చట్టబద్ధంగా, క్షేమంగా వెళ్లగలిగిన వేగం కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. అంతకంటే తక్కువ వేగంలో అది నిశ్శబ్దంగా, సమర్థంగా పనిచేసుకుపోతుంది. స్టీరింగ్‌ది కూడా ఇదే కథ. ఇంధనం ఆదా కోసం హైడ్రాలిక్ స్థానంలో విద్యుత్ పవర్ స్టీరింగ్ వచ్చింది, 911కు 2011లో 991 తరంతో; తొలినాళ్లలో రోడ్డు స్పర్శ చేతికి అందడం తగ్గిందని వచ్చిన విమర్శలో న్యాయం ఉంది, తరువాతి ఏళ్లలో అది చాలా మెరుగుపడిందన్నదీ నిజమే.

ఈ ధోరణికి మినహాయింపుగా నిలిచింది మాజ్డా ఎంఎక్స్-5. 1989లో 950 కిలోల చుట్టూ మొదలైన ఆ కారు నాలుగో తరం, 2015లో, వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూగానే వచ్చింది. ఇలాంటి వంశంలో కొత్త మోడల్‌కు మారడం వల్ల పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. వంశంలో ప్రతి తరమూ బరువెక్కిన కార్ల విషయంలో పాతదాన్ని సరిదిద్దుకోవడానికి బలమైన కారణం ఉంది, ఎందుకంటే దాని చిన్నదనం, తేలికదనం ఇప్పుడు షోరూములో దొరికేవి కావు.

డబ్బు, ఓపిక, విడిభాగాలు

మరమ్మతు ఖర్చును ముందే అంచనా వేయడం కష్టం. తుప్పుపట్టిన బోల్టు ఒకటి విరిగితే రెండు గంటల పని రెండు రోజులు అవుతుంది. దీనికి తోడు కారు లేని వారాలను కూడా లెక్కలో వేసుకోవాలి. కొత్త కారుకు ఆ చింత లేదు, వారంటీ ఉంటుంది, కానీ మొదటి కొన్నేళ్లలో దాని విలువ పడిపోవడమే ఒక పెద్ద ఖర్చు. పాత కారు సాధారణంగా ఆ దశను ఎప్పుడో దాటి ఉంటుంది. అప్‌గ్రేడ్‌లకు పెట్టిన డబ్బు మాత్రం అమ్మేటప్పుడు తిరిగి రాదు. అసలు భాగాలను జాగ్రత్తగా దాచి ఉంచడం అందుకే అవసరం. మార్పుల వివరాలు బీమా సంస్థకు తెలియజేయడం, స్థానిక నిబంధనలు వాటిని అనుమతిస్తాయో లేదో చూసుకోవడం పని మొదలుపెట్టకముందే జరగాలి.

విడిభాగాల లభ్యత కొన్నిసార్లు నిర్ణయాన్ని తానే చేసేస్తుంది. తొలి ఎంఎక్స్-5 వాడిన 185/60 ఆర్14 (14 అంగుళాల చక్రానికి పట్టే టైరు) వంటి చిన్న కొలతల్లో మంచి స్పోర్ట్స్ టైర్ల రకాలు తగ్గిపోతున్నాయి. ఒక అంగుళం పెద్ద చక్రాలకు మారితే ఎంపిక విస్తరిస్తుంది, అయితే బరువైన చక్రం వేస్తే స్ప్రింగుల కింద వేలాడే బరువు పెరిగి సంపాదించిన మేలు కొంత పోతుంది. కొన్ని కంపెనీలు తమ పాత కార్లను మరిచిపోలేదు. మాజ్డా 2017లో తొలి ఎంఎక్స్-5 పునరుద్ధరణ కార్యక్రమాన్ని జపాన్‌లో ప్రకటించి, కొన్ని భాగాలను మళ్లీ తయారుచేయించింది. టొయోటా, నిస్సాన్ కూడా తమ ప్రసిద్ధ పాత మోడళ్లకు భాగాలు తిరిగి అందిస్తున్నాయి. తయారీదారు గానీ, స్వతంత్ర తయారీదారులు గానీ బుష్‌లు, షాక్‌లు, బాల్ జాయింట్లు అందించని కారు అయితే, దాని మీద ఎంత ప్రేమ ఉన్నా పని మొదలుపెట్టడానికి వెనకాడవలసిందే.

పని పూర్తయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎత్తు సర్దుబాటు ఉన్న సస్పెన్షన్ వేసి ఉంటే నాలుగు చక్రాల మీద పడే బరువులు కూడా తూచి సరిచూడాలి, అదీ డ్రైవరు బరువు సీటులో ఉన్నప్పుడు, ట్యాంకులో మామూలుగా ఉండే ఇంధనంతో. ఆ తరువాతే, టైర్లు చల్లగా ఉండగా గాలి సరిచూసుకుని, కొనాలనుకుంటున్న కొత్త మోడల్‌ను, తన కారును ఒకే రోజున ఒకే రోడ్డు మీద నడిపి చూడాలి. స్టీరింగ్ మధ్యలో ఖాళీ ఇంకా ఉంటే మరమ్మతులో ఏదో మిగిలిపోయింది, అది వెతికి సరిచేయదగినదే. ముందు భాగం మలుపు బయటికి పోతూ ఉంటే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలి ఉండే కోణం), యాంటీ రోల్ బార్ సర్దుబాట్లతో దిద్దుకోవచ్చు. మలుపు మధ్య గతుకు తగిలినప్పుడు బాడీ మొత్తం వణికి కారు దారి నుంచి జరుగుతూ ఉంటే, లేదా యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ వెనక చక్రాలు తమ దిశ మార్చుకుంటూ ఉంటే, అది బాడీలో, జ్యామితిలో ఉన్న లక్షణం. దానితో ఇన్నాళ్లూ ఇష్టంగానే నడుపుకున్నవారు అలాగే కొనసాగవచ్చు, అది భయపెడుతున్నవారు మాత్రం ఇంకొక స్ప్రింగ్ సెట్టు కోసం వెతకడం మాని తరువాతి తరం కారు కోసం వెతకడం మొదలుపెట్టాలి.